రానని రాసిచ్చిన ఊరు

హామిల్టన్,
సెప్టెంబరు 9, 1991.

ఐలి పిన్నికి,

ఇక్కడ నేను క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆ మాటకు నా ఎడమ మోకాలు మాత్రం ఒప్పుకోవడం లేదు.

హాకీ శిక్షణ శిబిరం మొదలై వారమైంది. గదిలో ముప్ఫై ఒక్కమందిమి. అందరిలోకీ పెద్దవాణ్ణి నేనే. పక్క బల్ల మీద కూర్చునే కుర్రాడు డిఫెన్సులో నా జోడీ అట. పందొమ్మిదేళ్లు. నన్ను 'సార్' అన్నాడు. నా స్కేట్లు వాడి నెత్తిన పెట్టాలనిపించింది కానీ, వాడు మర్యాదగానే అన్నాడు పాపం.

ఇది నా ఒప్పందానికి ఆఖరి ఏడు. మేనేజరు జట్టును కుర్రాళ్లతో నింపాలని చూస్తున్నాడు. మార్చిలో గడువు లోపల నన్ను ఎవరికో ఒకరికి ఇచ్చేసి, బదులుగా ఇద్దరు పిల్లల్ని తెచ్చుకుంటాడని అందరూ అనుకుంటున్నారు. నా ఒప్పందంలో ఒక షరతు ఉండబట్టి బతికిపోయాను. ఏటా సెప్టెంబరు మొదటి వారంలో నేను అయిదు ఊళ్ల పేర్లు రాసిస్తాను. ఆ జాబితా రద్దు చేస్తున్నానని నేను సంతకం పెడితే తప్ప, ఆ అయిదు ఊళ్ల జట్లకు నన్ను పంపడానికి లేదు. పదేళ్లు ఒకే చోట ఆడినవాడికి ఇచ్చే మర్యాద అది. ఈ ఏడు జాబితా మొన్న రాసిచ్చాను.

ఆట ఉన్న రోజు ఏడువేల మంది నా పేరు అరుస్తారు. ఇంటికి వచ్చి తాళం తీశాక నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి లేదు. కుర్చీలు రెండు కొన్నాను. ఒక దాంట్లో నేను కూర్చుంటాను, రెండోదాంట్లో ఆట సంచీ కూర్చుంటుంది.

పిల్లల జట్టు నుంచి ఈసారి నీ ఇంట్లో దిగిన కుర్రాడు ఎవరు? పోయినేటి వాడిలా సాక్సులు పొయ్యి మీద ఆరేసే రకం కాదు కదా?

నీ
తారాస్


థండర్ బే,
సెప్టెంబరు 22, 1991.

ఒరేయ్ తారాస్,

'సార్' అన్నందుకు కోపమా? ముప్ఫై నాలుగు నిండుతున్నాయిరా నీకు. 'తాతా' అనలేదు, సంతోషించు. మోకాలికి ఆవిరి పట్టు. మా ఆయన వేయ్కో బతికి ఉంటే, శనివారం శనివారం ఆవిరి గదిలో కూర్చోని వాడికి మోకాళ్లు కాకపోతే ఇంకేం పోతాయి అనేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లయినా ఆ కొలిమి నేను చల్లారనివ్వలేదు. ఒక్కదాన్నే కూర్చుంటాను.

ఈ ఏడు నా ఇంట్లో ఎవరూ దిగలేదు.

పిల్లల జట్టు కమిటీ వాళ్లు ఆగస్టులో వచ్చారు. ముగ్గురు. యాలకుల బన్ను పెట్టాను, తిన్నారు. ఇరవై రెండేళ్లుగా మీరు చేసిన సేవ ఎవరూ చేయలేదన్నారు. అలా మొదలుపెట్టినప్పుడే నాకు అర్థమైంది. మీకు బొత్తిగా వినపడటం లేదు కదా, కుర్రాడికి ఒంట్లో బాగాలేక పిలిచినా మీకు తెలియదు కదా అన్నారు. అది కూడా ఒక కాగితం మీద రాసి చూపించారు. తప్పేమీ లేదు, నిజమే. బన్నులు మిగిలితే కాగితంలో చుట్టి ఇచ్చి పంపాను.

చేతికి అలవాటు పోవడం లేదు. బంగాళాదుంపలు ఇద్దరికి సరిపడా ఉడుకుతున్నాయి. పదహారేళ్ల కుర్రాడి తిండి లెక్కలోకి తీసుకుంటే నలుగురికి అనుకో. మర్నాడు అవే తింటాను, ఆ మర్నాడు కూడా.

రింకులో, మంచు మైదానం పక్క గదిలో, కుట్టు పని మాత్రం ఉంది. పిల్లల జట్టుకూ పెద్ద జట్టుకూ జెర్సీల మీద పేర్లు నేనే కుడుతున్నాను. ఎవడు వస్తున్నాడో ఎవడు పోతున్నాడో పేపరు వాళ్లకంటే ముందు నా సూదికి తెలుస్తుంది.

ఇంతకీ నువ్వు వద్దన్న అయిదు ఊళ్లూ ఏవిరా? అంత చేదుగా ఉన్నవి ఏవో తెలుసుకోవాలని ఉంది. ఉత్తరం రాయి. ఫోను చేస్తే నా వైపు నుంచి "ఆఁ? ఏమిటీ?" తప్ప ఇంకేమీ రాదు.

ఐలి పిన్ని


హామిల్టన్,
నవంబరు 17, 1991.

పిన్నీ,

ఆలస్యానికి తిట్టుకో. పదహారు రోజుల్లో తొమ్మిది ఊళ్లు తిరిగాం.

ఆ అయిదు పేర్లు చెప్పడానికి లేదు. నాకూ, మా మేనేజరుకూ, నా తరఫున ఒప్పందాలు చూసే డెస్మండ్‌కూ తప్ప తెలియకూడదు. అయినా అందులో విశేషమేమీ లేదు, వదిలెయ్.

కమిటీ సంగతి చదివాను. వాళ్లకు నీ గురించి ఏం తెలుసు? నా పదహారో ఏట కనోరాలో మా నాన్న నన్ను బస్సెక్కించి కరచాలనం చేశాడు. అంతే. ఒక సంచీ, రెండు కర్రలు, నీ అడ్రసు రాసిన చీటీ పట్టుకుని ముక్కూ మొహం తెలియని ఇంటి ముందు దిగాను. నువ్వు నా మొహం చూసి సూపు గిన్నె ముందు పెట్టి, "తినేదాకా మాట్లాడక్కర్లేదు" అన్నావు. ఆ రోజు నాకు కావలసింది సరిగ్గా అదే. నోరు తెరిస్తే ఏడ్చేసేవాణ్ణి. తర్వాత రెండేళ్లలో ఎంత తిండి తిన్నానో అంత వాగాను.

ఇక్కడ ఆట తగ్గింది. పోయినేడు ఆటకు పాతిక నిమిషాలు మంచు మీద ఉండేవాణ్ణి. ఇప్పుడు పద్నాలుగు. మిగతా సమయం బెంచీ మీద కుర్రాళ్లకు చోటు సర్దుతున్నాను.

తారాస్


థండర్ బే,
జనవరి 12, 1992.

తారాస్‌గా,

ఈ ఉత్తరం చదివి చించెయ్. ఒక జట్టు మేనేజరు ఇంకో జట్టు ఆటగాడితో బేరం మాట్లాడటం లీగులో పెద్ద తప్పట. నేను మేనేజర్ని కాను, కుట్టుపని దాన్ని. అయినా చించెయ్.

మన పెద్ద జట్టు డిఫెన్సులో ఇద్దరికి దెబ్బలు తగిలాయి. మూడు ఆటల్లో పద్నాలుగు గోల్సు ఇచ్చారు. మేనేజరు పెల్తియే మొన్న కుట్టు గదిలోకి వచ్చి, ఏదో జెర్సీ చూస్తున్నట్టు నటిస్తూ, నీ మోకాలు ఎలా ఉందని ఒక చీటీ మీద రాసి అడిగాడు. నా మోకాలి కంటే బాగుందని చెప్పాను. నవ్వాడు. అంతకు మించి నేనేం చెప్పను.

నేనేమీ ఆశ పెట్టుకోలేదు. ఆశ పెట్టుకునే వయసు కాదు. ఊరికే పెయింటు మిగిలి ఉంటే నీ పాత గదికి వేయించాను. మంచం ఎలాగూ పాతబడింది, మార్చాను. అప్పుడు నీ పాదాలు బయటికి వేలాడేవి కదా, ఇది పొడుగ్గా ఉంటుంది. ఎవరికైనా పనికొస్తుంది.

మార్చి పదో తేదీ కదూ గడువు? వంటింటి క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గుండ్రం చుట్టాను. పాలవాడి లెక్క అనుకుంటారులే ఎవరైనా చూస్తే. ఇక్కడ చూసేవాళ్లు ఎవరున్నారు గనక.

పిన్ని


హామిల్టన్,
జనవరి 30, 1992.

పిన్నికి,

ఉత్తరం అందింది. చించేశాను.

జట్ల మార్పిడి సంగతులు నీకు తెలియనివి కావు. వంద పుకార్లు పుడితే ఒకటి నిజమవుతుంది. పెల్తియే నా ఒక్కడి గురించే అడిగి ఉండడు. ఇలాంటి వాళ్లు పదిమందిని అడిగి ఒకణ్ణి తీసుకుంటారు. గదికి అంత ఖర్చు పెట్టకుండా ఉండాల్సింది.

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. మోకాలు ఫరవాలేదు.

తారాస్


థండర్ బే,
ఫిబ్రవరి 18, 1992.

శ్రీ తారాస్ బోద్నార్ గారికి,

ఐలి కివెలా నమస్కరించి రాయునది.

పోయిన సోమవారం మా మేనేజరు పెల్తియే గారు ఒక పేరు ముందుగా కుట్టి పెట్టమని చెప్పారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఇంగ్లీషులో ఆరు అక్షరాలు. కుట్టాను. నా చేతితో ఎన్నో పేర్లు కుట్టాను గానీ, ఏ పేరూ అంత నెమ్మదిగా కుట్టలేదు.

గురువారం ఆయన నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశారు. నాకు వినపడదు కదా, కాగితం మీద రాశారు. "మీవాడు మన ఊరికి రానని రాసిచ్చాడట. అయిదింటిలో మొదటి పేరు మనదే." రెండుసార్లు చదివాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

పేరు విప్పేశాను. కత్తెరతో ఒక్కొక్క కుట్టే తీయాలి, లేకపోతే బట్ట పాడవుతుంది.

మీ ఇష్టం మీది. ఎక్కడ ఆడాలో, ఎక్కడ ఆడకూడదో రాసుకునే హక్కు మీకు ఉంది. అయితే ఆ పేర్లు చెప్పడానికి లేదని నవంబరులో రాసినప్పుడు, "అందులో విశేషమేమీ లేదు" అని కూడా రాశారు. ఆ మాట ఒక్కటీ రాయకుండా ఉండాల్సింది.

ఈ ఇంట్లో మీకేం తక్కువ చేశానో తెలియడం లేదు. తెలిస్తే బాగుండేది. ఇన్నాళ్లూ మిమ్మల్ని 'ఒరేయ్' అనీ 'నువ్వు' అనీ రాసినందుకు మనసులో ఏమైనా ఉంటే క్షమించగలరు.

ఇట్లు,
ఐలి కివెలా


హామిల్టన్,
ఫిబ్రవరి 25, 1992.

పిన్నీ,

నన్ను 'మీరు' అనకు. తిట్టు. ఎంత తిట్టినా పడతాను. 'గారు' అని రాసిన ఆ ఉత్తరం ఆట సంచీ అడుగున పెట్టేశాను.

జరిగింది చెబుతాను. ఈ జాబితా రాయడానికి ఒక పద్ధతి ఉంది. నచ్చని ఊళ్ల పేర్లు రాసేవాడు ఉత్త అమాయకుడట. డెస్మండ్ మొదటి ఏడే నేర్పాడు: "నిన్ను ఎవరూ కోరుకోని ఊరి పేరు రాస్తే ఆ పేరు రాయడం దండగ. నిన్ను కోరుకునే జట్లు ఏవో వాటి పేర్లు రాయి. అప్పుడు నిన్ను కదిపేవాడు ఉండడు." మా వాళ్లందరూ అలాగే రాస్తారు. సెప్టెంబరులో కూర్చుని, ఏ జట్టుకు డిఫెన్సులో లోటుందో లెక్కేశాం. మొదట వచ్చింది మన ఊరు. రాశాను. నాలుగు అలా రాసినవి. అయిదోది మాత్రం నా భయం కొద్దీ రాశాను. సెయింట్ జాన్స్. సముద్రం అవతల, ద్వీపం చివర. అక్కడికి పోయినవాణ్ణి జనం మరిచిపోతారు.

ఇదంతా నిజమే. కానీ మొత్తం నిజం కాదు.

మన ఊరి పేరు రాస్తున్నప్పుడు డెస్మండ్ అడిగాడు, "అది నీ పాత ఊరు కదా, వదిలేద్దామా?" అని. నేనే వద్దు, ఉండనీ అన్నాను. ఆ రింకులో నన్ను చూసినవాళ్లు పదిహేడేళ్ల తారాస్‌ని చూశారు. ఒక చివర పక్ బిళ్ల పట్టుకుంటే రెండో చివరిదాకా ఎవరికీ అందకుండా పోయేవాణ్ణి. ఇప్పుడు కుర్రాళ్లు నన్ను దాటిపోతుంటే వెనకనుంచి చూస్తూ ఉంటాను. ఆ సంగతి ఈ హామిల్టన్‌లో ఎంతమంది చూసినా నాకు చింత లేదు. అక్కడ రెండో వరసలో నువ్వు కూర్చుంటావు. నువ్వు చూడటం నాకు సిగ్గు. అందుకే రాశాను. నీ మీద కోపంతో కాదు పిన్నీ, నీ ముందు ఓడిపోవడం ఇష్టం లేక.

నీ ఉత్తరం వచ్చాక నాకు ఇంకోటి తెలిసింది. ఆ గది నా కోసం రంగు వేసి పెట్టినవాళ్లు నా ఆట చూసి వేయలేదని.

ఇప్పుడు ఒక పని చేయబోతున్నాను. జాబితా రద్దు చేయమని రాసిస్తాను. మన ఊరు ఒక్కటే కొట్టేయమంటే ఒప్పందం ప్రకారం కుదరదట. ఉంటే అయిదూ ఉండాలి, పోతే అయిదూ పోవాలి. డెస్మండ్ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు. కానీ పెల్తియేకి నేను కావాలి కదా? జెర్సీ కూడా సిద్ధం చేయించాడు కదా? కావాలన్నవాడు ఒకడు ఉండగా ఇంక భయమెందుకు?

గది తాళం వేయకు.

నీ
తారాస్‌గాడు


థండర్ బే,
మార్చి 5, 1992.

తారాస్,

జాబితా రద్దు చేయకు. ఈ ఉత్తరం అందేసరికి చేయకుండా ఉంటే చాలు, దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

పెల్తియే సోమవారం వేరేవాణ్ణి తీసేసుకున్నాడు. గ్రవెల్ అని, సడ్బరీ వాడు, ఇరవై నాలుగేళ్లు. ఇక చోటు లేదు. నీ ఉత్తరం పొద్దున అందింది. కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా రింకుకు పరిగెత్తాను. నీకు ఫోను చేసి చెప్పమని పెల్తియేని బతిమాలాను. ఇంకో జట్టు ఆటగాడికి ఫోను చేస్తే లీగు తన మెడ మీద కూర్చుంటుందని రాసి చూపించాడు. పక్కింటి హెల్వి చేత నీ ఇంటికి చేయించాను. నాలుగుసార్లు. ఎవరూ ఎత్తలేదంది. మీరు ఊళ్లు తిరుగుతున్నట్టున్నారు.

ఇది రేపే చేరేలా పంపుతారట. నీ జాబితా నీ దగ్గరే పెట్టుకో. ఇంకేమీ రాయలేను.

పిన్ని


సెయింట్ జాన్స్,
మార్చి 19, 1992.

పిన్నీ,

ఐదో తేదీన నువ్వు రాసిన ఉత్తరం హామిల్టన్ తిరిగి తిరిగి నిన్న ఇక్కడికి చేరింది. పై చిరునామా చూస్తే సంగతి నీకు అర్థమయ్యే ఉంటుంది.

నాలుగో తేదీనే సంతకం పెట్టి ప్రయాణానికి వెళ్లాను. పదో తేదీ మధ్యాహ్నం గడువుకు ఇరవై నిమిషాల ముందు మేనేజరు పిలిచాడు. నేను నవ్వుతూ వెళ్లాను పిన్నీ. సంచీ కూడా సర్దుకున్నాను. ఆయన ఊరి పేరు చెప్పాక మళ్లీ చెప్పమన్నాను. పదేళ్లకు కృతజ్ఞతలు చెప్పాడు. ఆ పందొమ్మిదేళ్ల కుర్రాడు బస్సు దాకా వచ్చి నా కర్రలు పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి వాడు 'సార్' అనలేదు.

ఎవరి తప్పూ లేదు. పెల్తియే తెలివైనవాడు. ముప్ఫై నాలుగేళ్ల మోకాలు ఎక్కడ, ఇరవై నాలుగేళ్ల మోకాలు ఎక్కడ. మొదట కావాలనుకున్నాడు, తర్వాత బాగా ఆలోచించుకుని వద్దనుకున్నాడు. ఇన్నేళ్లలో నాకు అలవాటు కావలసిన విషయమే. ఎందుకో కాలేదు.

ఇక్కడ పొగమంచు. వాన. ఎండబెట్టిన కాడ్ చేపను నానబెట్టి, గట్టి రొట్టెతో కలిపి ఉడికించి పెడతారు. తినగలుగుతున్నాను. అద్దె గది కిటికీలోంచి సముద్రం కనబడుతుందన్నారు. తొమ్మిది రోజులైంది, ఇంకా కనబడలేదు. జట్టులో ఎవరి పేరూ నాకు నాలుక మీదికి రావడం లేదు, వాళ్లకు నాదీ అంతే.

నువ్వు బెంగ పెట్టుకోకు. గ్రవెల్‌కి అన్నం పెట్టు.

తారాస్


థండర్ బే,
ఏప్రిల్ 3, 1992.

నాయనా తారాస్,

ఎవరి తప్పూ లేదని రాశావు. ఆ ఒక్క మాట చదివి పదిరోజులు కలం పట్టుకోలేదు. పెల్తియే నిన్ను వద్దనుకోలేదు. అది నీ మనసులో ఉండిపోతే నేను మనిషినే కాదు. అందుకే రాస్తున్నాను.

నిన్ను 'గారు' అని రాసిన ఉత్తరం పోస్టులో వేసిన మర్నాడు పెల్తియే నా దగ్గరికి వచ్చాడు. ఆటగాడు ఒప్పుకుంటే రావచ్చు కదా, హామిల్టన్ వాళ్ల ద్వారా ఒకసారి అడిగించి చూస్తాను, రెండు వారాలు ఆగుతాను అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "వాడి సంగతి నాకు తెలుసు. మొండివాడు. రానని రాశాడంటే రాడు. వాడి కోసం కాచుకుని కూర్చోకండి" అన్నాను.

నేనన్న మాట విని ఆయన గ్రవెల్‌ని తీసుకున్నాడు. అప్పుడు నా ఒంటినిండా కోపం. నువ్వు నన్ను వద్దన్నావు, నేనూ నిన్ను వద్దన్నాను, చెల్లుకు చెల్లు అనుకున్నాను. ఆ రాత్రి బాగానే నిద్ర కూడా పట్టింది. కోపం ఎంత సుఖంగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పరిగెత్తాను.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. పెల్తియే తనంతట తాను నీ మోకాలు గురించి అడగలేదు. డిసెంబరులో నేనే ఆయన గదికి వెళ్లాను. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో ఎవరి కోసమూ నోరు విప్పలేదు. నిన్ను తెమ్మని అడిగాను. జనవరిలో నీకు రాసినప్పుడు ఆ సంగతి దాచాను.

గ్రవెల్ నీ గదిలోనే ఉన్నాడు. జట్టు వాళ్లు పెట్టారు. ఇరవై నాలుగేళ్ల వాడికి చెవిటి ముసలమ్మ వల్ల ఏం ప్రమాదం అనుకున్నట్టున్నారు. మంచివాడే. కంచం కడిగి పెడతాడు. నా ముందు కూర్చుని తింటున్నాడే గానీ, వాడి ఆకలి నాకు తెలియడం లేదు.

క్షమించమని రాయను. అది నువ్వు ఇవ్వాల్సింది, నేను లాక్కోకూడదు.

ఐలి


సెయింట్ జాన్స్,
మే 24, 1992.

పిన్నీ,

నీ ఉత్తరం వచ్చి ఆరు వారాలు దాటింది. జవాబు రాయకపోవడం తీరిక లేక కాదు. మా జట్టు మొదటి అంచెలోనే ఓడిపోయి ఏప్రిల్‌లోనే ఇళ్లకు పోయింది. నేను ఒక్కణ్ణే ఇక్కడ ఉండిపోయాను. ఎక్కడికి పోవాలో తేలక.

ఒళ్లు మండిపోయింది. చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఇన్నేళ్లుగా నా గురించిన నిర్ణయాలన్నీ నేను లేని గదుల్లోనే జరిగాయి. తలుపు వేసుకుని ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటారు, తర్వాత నన్ను పిలిచి ఊరి పేరు చెబుతారు. అలాంటి గదిలో నువ్వు కూడా కూర్చున్నావని తెలిశాక, ఉత్తరం గోడకేసి కొట్టాను. కాగితం కదా, చప్పుడు కూడా రాలేదు.

కానీ రోజూ కొండ మీదికి నడుస్తుంటే ఒకటి తోచింది. ఆ గదుల్లో ఇంతవరకు నా గురించి అన్న మాటలన్నీ "వీణ్ణి ఇచ్చేస్తే ఏమొస్తుంది" అన్న మాటలే. "వీడు కావాలి" అని ఎవరో ఒకరు అన్నారని మొదటిసారి విన్నాను. అన్నది నువ్వు. వద్దన్నదీ నువ్వే అనుకో. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను, దేన్ని పారేయాలో తెలియడం లేదు.

రద్దు కాగితం మీద సంతకం పెట్టింది నేను. నీ ఊరి పేరు మొదట రాసిందీ నేనే. కాబట్టి నాకు లెక్కలు చూసుకునే ముఖం కూడా లేదు.

అసలు సంగతి. ఇక్కడి వాళ్లు ఇంకో రెండేళ్లకు ఒప్పందం ఇస్తున్నారు. కుర్రాళ్లకు నేర్పుతూ ఆడమంటున్నారు. వద్దనే ఊళ్ల జాబితా ఇందులో ఉండదు, ఎప్పుడు ఎటు పంపితే అటు పోవాలి. వచ్చే నెలాఖరు, జూన్ ముప్ఫై దాకా గడువు. ఇది కాదంటే ఈ మోకాలితో ఇంకొకరు పిలవరని డెస్మండ్ అంటున్నాడు. నిజమే. పదహారో ఏటి నుంచి ఏ సెప్టెంబరులోనూ నన్ను పిలిచే జట్టు లేకుండా ఉండలేదు. అలా ఉంటే మనిషి ఏం చేస్తాడో నాకు తెలియదు.

కాగితం బల్ల మీద ఉంది. సంతకం పెట్టే ముందు నీ దగ్గర ఒకటి తెలుసుకోవాలి. డిసెంబరులో పెల్తియే గదికి వెళ్లి నన్ను ఎందుకు అడిగావు? జట్టు కోసమా? ఉన్నదున్నట్టు చెప్పు. నాకది చాలు.

తారాస్


థండర్ బే,
జూన్ 6, 1992.

ఒరేయ్ తారాస్,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. అడగకపోతే ఈ జన్మలో చెప్పేదాన్ని కాదు.

పోయిన నవంబరులో నాలుగు రోజులు వరసగా మంచు కురిసింది. దారులు మూసుకుపోయాయి. రింకు పని లేదు, హెల్వి కూతురి ఇంట్లో ఉండిపోయింది. నేను పొయ్యి వెలిగించుకుని ఇంట్లోనే ఉన్నాను. అయిదో రోజు దారి తీశాక కొట్టుకు వెళ్లాను. పాలు కావాలని అడగబోతే కొట్టువాడు నా మొహం వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు. నాకు వినపడదు కదా, మాట్లాడాననే అనుకున్నాను. గొంతు రాలేదట. నాలుగు రోజులు ఒక్క మాటా మాట్లాడక గొంతు పట్టేసింది. కాగితం మీద 'పాలు' అని రాసి చూపించాను. చెవులు పోయినప్పుడు అంత భయం వేయలేదు. గొంతు కూడా పోతోందని ఆ రోజు కొట్లో నిలబడి భయపడ్డాను.

ఇంటికి వచ్చి కూర్చుని, ఇంతమంది కుర్రాళ్లకు అన్నం పెట్టానే, వీళ్లలో ఎవరు ఉంటే నేను మాట్లాడతాను అని ఒక్కొక్కణ్ణే తలుచుకున్నాను. పంతొమ్మిది మంది. నీ దగ్గర ఆగిపోయాను.

పెల్తియే గదిలోకి వెళ్లాక ఆ సంగతి ఎలా చెబుతాను? ఒక హాకీ జట్టు మేనేజరు దగ్గర నిలబడి, నాకు ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేడు, ఒకణ్ణి తెప్పించండి అని అడుగుతామా? సిగ్గేసింది. డిఫెన్సు గట్టిగా లేదు, అనుభవం ఉన్నవాడు కావాలి అన్నాను. ఆయన నన్ను పెద్ద ఆట తెలిసినదాన్ని అనుకున్నాడు. నాకు జట్టు ఓడినా గెలిచినా ఒకటేరా. ఇరవై రెండేళ్లుగా రెండో వరసలో కూర్చుని నేను ఆట చూడలేదు. మా ఇంటి కుర్రాడు కిందపడ్డాక లేచాడా లేదా అని చూశాను. నీ ఆట సన్నగిల్లిందని నా ముందుకు రావడానికి సిగ్గుపడ్డావు చూడు, నీ అంత పిచ్చివాడు లేడు. నీ ఆట ఎలా ఉండేదో నాకు గుర్తే లేదు.

ఇక కాగితం సంగతి. సంతకం పెట్టు అనను, వద్దు అనను. నీ విషయం నీకు తెలియకుండా రెండుసార్లు నేను తేల్చాను. ఒకసారి కావాలని, ఒకసారి వద్దని. రెండుసార్లూ తలుపు వేసి ఉన్న గదిలోనే. మూడోసారి ఆ పాపం మూటగట్టుకోను. ఆడాలని ఉంటే ఆడు, అక్కడి కుర్రాళ్లకు నీలాంటి వాడు కావాలి. నా మీద జాలితో మాత్రం ఏమీ చేయకు, జాలితో వచ్చినవాడి ముందు నేను ఇంకా మూగదాన్నైపోతాను.

ఇక్కడ నీకు జట్టు ఉండదు. జీతం ఉండదు. నేను ముందులా చురుగ్గా లేను, ఒకే మాట మూడుసార్లు రాసి చూపించాల్సి వస్తుంది, విసుగొస్తుంది. కోపం వస్తే ఎంత పని చేస్తానో చూశావు. అవన్నీ చూసుకునే జవాబు చెప్పు. ఎన్నాళ్లు పట్టినా సరే.

ఈసారి నీ కోసం ఎవరినీ అడగడం లేదు. నిన్నే అడుగుతున్నాను.

వస్తావా?

ఐలి పిన్ని